నాంచారమ్మ: దిగువ కృష్ణా డెల్టాలో ఒక స్త్రీనామ చరిత్ర

వ్యాససంగ్రహం

తెలుగునాట చాలా ప్రాంతాలలో అరుదుగా వినిపించే నాంచారమ్మ అనే స్త్రీనామం మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో రెండు మూడు తరాల కిందటి వరకు వాడవాడలా వినిపించేది. తమిళ వైష్ణవ సంప్రదాయంలోని ‘నాచ్చియార్’ అనే గౌరవవాచకం తెలుగులో వ్యక్తినామంగా ఎట్లా మారింది, దిగువ కృష్ణా డెల్టాలోనే అంతగా ఎందుకు పాదుకొంది, పురుషనామమైన నాంచారయ్యకు దానితో ఉన్న సంబంధం ఏమిటి, నేటి తరంలో ఎందుకు కనుమరుగవుతోంది అనే విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వైష్ణవ సంప్రదాయం ఈ పదాన్ని ఇచ్చిందనీ, పేరును నిలిపింది మాత్రం స్థానిక గ్రామదేవతారాధన అనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలక పదాలు: నాంచారమ్మ, నాచ్చియార్, వ్యక్తినామాలు, దివిసీమ, గ్రామదేవతలు, శ్రీవైష్ణవం, బీబీ నాంచారి.

ఉపోద్ఘాతం

కొన్నేళ్ళ కిందట డిగ్రీ మొదటి సంవత్సరం తరగతిలో హాజరు తీసుకుంటున్నప్పుడు ఒక పేరు చదవగానే వెనుక బల్లల నుంచి నవ్వులు వినిపించాయి. ఆ పేరు నాంచారమ్మ. తరగతి అయిన తరువాత ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చి, ఇకమీదట తనను పేరుతో కాకుండా నంబరుతో పిలవమని కోరింది. పదవ తరగతి ధ్రువపత్రంలో పేరు మార్చుకోవడానికి ఏ కార్యాలయానికి వెళ్ళాలో, రాజపత్రంలో ప్రకటన ఎట్లా వేయించాలో కూడా అడిగింది. తెలుగు అధ్యాపకుణ్ణి గనుక నాకు తెలిసి ఉంటుందని అనుకుంది. విధానం చెప్పగలిగాను గాని, ఆ పేరుకు అర్థం ఏమిటని ఆమె అడిగినప్పుడు “లక్ష్మీదేవి” అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ సమాధానం తప్పు కాదు, కాని చాలదు. ఈ వ్యాసానికి మూలం ఆ వెలితి.

తెలుగులో నామవిజ్ఞానం గ్రామనామాల వైపు బలంగా సాగింది. నెల్లూరు జిల్లా గ్రామనామాల మీద యార్లగడ్డ బాలగంగాధరరావు, కడప ఊర్ల పేర్ల మీద కేతు విశ్వనాథరెడ్డి చేసిన కృషి పరిశోధకులకు సుపరిచితమే. ఇంటిపేర్ల మీదా చెప్పుకోదగిన చర్చ జరిగింది. వ్యక్తినామాల విషయంలో, ముఖ్యంగా స్త్రీల పేర్ల విషయంలో అంత శ్రద్ధ కనిపించదు. శాసనాలలో దాతలుగా కనిపించే రాణుల పేర్లను పట్టించుకున్నంతగా, పొలంలో నాట్లు వేసిన స్త్రీల పేర్లను మనం పట్టించుకోలేదు.

ఇక్కడ పరిధిని చెప్పుకోవాలి. పులిగడ్డ దగ్గర కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేవరకు ఆ పాయల మధ్యనున్న లంకభూమి దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి ప్రాంతాలు దీనిలోనివి. దానికి ఉత్తరాన తీరం వెంట మచిలీపట్నం, లోపలి మాగాణిలో గుడివాడ ఉన్నాయి. ఈ మూడూ నేటి కృష్ణా జిల్లాలోనివే. గుంటూరు, పశ్చిమ గోదావరి జిల్లాల అంచులలోనూ నాంచారమ్మలు కనిపిస్తారు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ మాత్రం ఈ పేరు పలికితే మరొకసారి చెప్పమంటారు. ఒక పేరు అరుదైనదా, బహుళప్రచారంలో ఉన్నదా అన్నది ఎక్కడ నిలబడి వింటున్నామన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఇది లెక్కల వ్యాసం కాదు. పేరు నడిచిన దారిని వెతకడమే దీని పని.

పదం నడక

తమిళంలో ‘నాచ్చియార్’ అంటే దొరసాని, స్వామిని, దేవి. చివరనున్న ‘ఆర్’ గౌరవార్థక బహువచన ప్రత్యయం. ఆళ్వార్, నాయనార్, తాయార్ మొదలైన పదాలలో ఉన్నదీ ఇదే. శ్రీరంగంలో రంగనాయకి నాచ్చియార్, ఉరైయూరులో కమలవల్లి నాచ్చియార్. విష్ణువు దేవేరులందరికీ ఇది బిరుదు. గోదాదేవి రచన ‘నాచ్చియార్ తిరుమొళి’గా ప్రసిద్ధం. మనుషులకూ ఈ బిరుదు ఉంది. 18వ శతాబ్దంలో ఆంగ్లేయులతో పోరాడిన శివగంగ రాణి వేలు నాచ్చియార్ అందుకు ఉదాహరణ.

తెలుగులోకి వచ్చేసరికి ద్విత్వ చకారం ముందు అనునాసికం చేరి, యకారం లోపించి నాంచారు అయింది. స్త్రీవాచక ఇకారంతో నాంచారి అయింది. ఆపై తెలుగు ‘అమ్మ’ చేరి నాంచారమ్మ అయింది. తమిళ గౌరవ ప్రత్యయం లోపల ఇమిడి ఉండగానే తెలుగువారు దాన్ని గుర్తించకుండా, లేదా గుర్తించినా చాలక, మళ్ళీ గౌరవాన్ని చేర్చారు. తాయారమ్మ కూడా అచ్చంగా ఇట్లాంటిదే. తాయ్ అంటే తల్లి, దానికి ఆర్, ఆపైన మళ్ళీ అమ్మ. ఆండాళ్ళమ్మ, అలివేలమ్మ, పేరిందేవమ్మ ఈ కోవకు చెందినవే గాని, వాటిలో కనీసం మూలంలో ఒక దేవత నిజనామం ఉంది. అలర్‌మేల్‌మంగై అంటే పువ్వు మీది స్త్రీ. నాంచారమ్మలో అదీ లేదు. ఉన్నవన్నీ గౌరవవాచకాలే.

ఉచ్చారణ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డెల్టా పల్లెలలో పెద్దవారి నోట ఈ పేరులోని చకారం దంత్యం, నాంౘారమ్మ. బడిలో ఇంగ్లీషు అక్షరాల నుంచి చదివే ఉపాధ్యాయులు తాలవ్యంగా పలుకుతారు. పేరు మొరటుగా వినిపించడానికి ఈ తేడా కూడా కొంత కారణమని నా అభిప్రాయం. దంత్య చకారంతో పలికినప్పుడు దానికున్న మెత్తదనం వేరు.

ఆంధ్రవిష్ణువు ముంగిట

తమిళ వైష్ణవ పదం కృష్ణానది ముఖద్వారం దాకా ఎట్లా వచ్చిందన్న ప్రశ్నకు దూరం వెళ్ళనక్కరలేదు. దివిసీమకు ఎగువన, ఘంటసాల మండలంలో నది ఒడ్డున శ్రీకాకుళం ఉంది. అక్కడి ఆంధ్రమహావిష్ణువు ఆలయం తెలుగు సాహిత్య చరిత్రలో ఒక ముఖ్య ఘట్టానికి వేదిక. కళింగ దండయాత్ర సందర్భంలో విజయవాడ మీదుగా వచ్చి, ఏకాదశినాడు ఉపవసించి నిద్రించిన శ్రీకృష్ణదేవరాయలకు స్వామి కలలో కనిపించి, శ్రీరంగంలో జరిగిన తన కల్యాణగాథను తెలుగులో చెప్పమని ఆదేశించాడని ఆముక్తమాల్యద అవతారిక తెలుపుతుంది. ఆ కావ్యనామమే ‘శూడిక్కొడుత్త నాచ్చియార్’ అనే తమిళ బిరుదుకు సంస్కృత రూపం. తాను ముడిచి ఇచ్చిన మాలను స్వామికి సమర్పించిన నాచ్చియార్ అని అర్థం. ఒక నాంచారి కథను తెలుగు చేయమన్న ఆజ్ఞ, కవి మాటల ప్రకారం, నాంచారమ్మలు విరివిగా పుట్టిన ఈ నేలమీదే వెలువడింది.

అయితే దీన్నిబట్టి పేరు రాయల కాలంలోనే ఇక్కడ వ్యాపించిందని నిర్ణయించడం తొందరపాటు. ఈ ప్రాంతంలో తమిళ వైష్ణవ పరిభాష గుడి గోడల లోపలా బయటా వినిపించేదని మాత్రమే ఇది చూపుతుంది. హంసలదీవి వేణుగోపాలస్వామి, శ్రీకాకుళ ఆంధ్రనాయకుడు 18వ శతాబ్దంలో పెదప్రోలు వాసి కాసుల పురుషోత్తమకవికి శతక దైవాలయ్యారు. గుడిలో అర్చకుల నోట ‘నాచ్చియార్’ అయిన దేవి, తిరునామాలు ధరించి ఇంటింటికీ పాడుతూ తిరిగిన దాసరుల నోట నాంచారి అయి ఉంటుందని ఊహించడం అసంగతం కాదు.

బీబీ నాంచారి

తెలుగువారిలో నాంచారి అనగానే గుర్తుకు వచ్చేది వేంకటేశ్వరుని ముస్లిం దేవేరి బీబీ నాంచారి. ఈ కథకు మూలాలు దక్షిణాదిలో రెండు చోట్ల ఉన్నాయి. మేల్కోటలో ఉత్సవమూర్తిని ఢిల్లీ నుంచి రామానుజులు తీసుకువచ్చారనీ, విగ్రహాన్ని ప్రేమించిన సుల్తాను కుమార్తె వెంబడించి వచ్చి స్వామిలో లీనమైందనీ అక్కడి ఐతిహ్యం. శ్రీరంగంలో ‘కోయిలొళుగు’ అనే ఆలయచరిత్ర ఇట్లాంటి కథనే చెబుతుంది. తులుక్క నాచ్చియార్‌కు అక్కడ ప్రత్యేక సన్నిధి ఉంది, రొట్టె నైవేద్యం ఉంది. రామానుజుల జీవితకాలంగా సంప్రదాయం చెప్పే 1017–1137 సంవత్సరాలకు ఢిల్లీ సుల్తానులు ఇంకా లేరు గనుక మేల్కోట కథ కాలానికి నిలవదు. శ్రీరంగ కథ వెనుక మాత్రం 14వ శతాబ్దపు దండయాత్రల జ్ఞాపకం ఉంది. అప్పుడు తరలిన రంగనాథుని ఉత్సవమూర్తి కొంతకాలం తిరుమలలో ఉండి 1371లో తిరిగి శ్రీరంగం చేరింది. తిరుమలలో ఆ మూర్తి నిలిచిన కాలంలోనే కథ కూడా కొండకు చేరిందా అన్నది ఆసక్తికరమైన ప్రశ్న. తెలుగునాట కథ వేంకటేశ్వరునికి అన్వయమైంది. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లింలు స్వామిని తమ ఇంటి అల్లునిగా భావించి దర్శించుకోవడం ఈనాటికీ ఉంది.

‘బీబీ’ కూడా గౌరవవాచకమే. పారసీక, ఉర్దూ భాషలలో ఇల్లాలు, దొరసాని అని అర్థం. అప్పుడు బీబీ నాంచారమ్మ అనే సమాసంలో మూడు భాషల నుంచి వచ్చిన మూడు మర్యాద మాటలు మాత్రమే మిగులుతాయి. ఆ రాజకుమార్తె పేరు ఎక్కడా లేదు. భిన్నమతస్థురాలైన స్త్రీని దేవుని పక్కన కూర్చోబెట్టిన సంప్రదాయం ఆమెను గౌరవించింది గాని పేరు పెట్టి పిలవలేదు. ఇది లోపమని అనను. మన ఇళ్ళలో కోడలిని పేరుతో పిలవకపోవడం వెనుకా ఇట్లాంటి మర్యాదే ఉంది.

మచిలీపట్నం గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు. ఊరికున్న రెండో పేరు బందరు పారసీక పదం. 1611లో ఆంగ్లేయులు వర్తకానికి దిగేనాటికే అక్కడ పారసీకులూ దక్కనీ ముస్లింలూ స్థిరపడి ఉన్నారు. బీబీ అనే మాట ఆ ఊరి వీథులలో కొత్తది కాదు. అట్లని ఈ ప్రాంతపు నాంచారమ్మలందరూ బీబీ నాంచారి పేరిటివారే అనుకోకూడదు. పల్లెలలో ఆ పేరున్న వృద్ధులతో మాట్లాడినప్పుడు తిరుపతి కథ తెలిసినవారు కనిపించారు గాని, తమ పేరు దానివల్ల వచ్చిందని చెప్పినవారు నాకు తారసపడలేదు. వారు చెప్పిన తల్లి వేరు.

మరో ప్రవాహాన్నీ ప్రస్తావించాలి. ఎరుకలవారు నాంచారమ్మను తమ దేవతగా కొలుస్తారు. ఒకే పేరు సుల్తాను కూతురికీ, సోదె చెప్పే ఎరుకల స్త్రీల ఇలవేల్పుకూ చెల్లడాన్ని బట్టి, దేవుని పట్టపురాణి స్థానానికి వెలుపలున్న సమూహాలు కూడా ‘మా ఆడపడుచు ఆ ఇంట ఉంది’ అని చెప్పుకోవడానికి ఈ పదం అనువుగా ఉండేదని తెలుస్తుంది.

విశ్వనాథపల్లి తల్లి

కోడూరు మండలం విశ్వనాథపల్లిలో అద్దంకి నాంచారమ్మ ఆలయం ఉంది. దివిసీమ వాసులకు ‘నాంచారమ్మ తల్లి’ అంటే ఈమే. అద్దంకి ఊరిపేరూ అవుతుంది, ఇంటిపేరూ అవుతుంది. ఏదైనా, గ్రామదేవతకు ఇంటిపేరులాంటి విశేషణం ఉండడం పేరంటాళ్ళ సంప్రదాయాన్ని గుర్తుకు తెస్తుంది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గోపయ్య ఇల్లాలుగా బ్రతికి దేవత అయిందని ఆమె కథ. ఊరి దేవతకు పుట్టిల్లూ మెట్టినిల్లూ ఉండడం కృష్ణాతీరానికి కొత్త కాదు.

ఈ వ్యాసపు ప్రధాన వాదం ఇక్కడుంది. వైష్ణవమే కారణమైతే నాంచారమ్మ పేరు తిరుపతి పరిసరాలలో ఇంతకన్నా దట్టంగా ఉండాలి. అక్కడ వినిపించేవి మంగమ్మ, అలివేలమ్మ, మునెమ్మ. తెలుగునాట స్త్రీనామాల ప్రాంతీయత చాలావరకు గ్రామదేవతల పరిధిని అనుసరిస్తుంది. పెనుగంచిప్రోలు చుట్టుపక్కల తిరుపతమ్మలు, విజయనగరం వైపు పైడితల్లి పేరిట పైడమ్మలు, పైడిరాజులు, అనకాపల్లి నూకాలమ్మ వల్ల నూకాలు, నూకరాజు, సూళ్ళూరుపేట చెంగాళమ్మ వల్ల చెంగమ్మ, చెంగయ్య, మేడారం వనదేవతల వల్ల సమ్మక్క, సమ్మయ్య, సారయ్య. పేరు విని ఊరు చెప్పగలగడానికి కారణం ఇదే. నాంచారమ్మ కూడా అట్లాంటి పేరే. పదం శ్రీరంగం నుంచి వచ్చినా, పిల్లకు ఆ పేరు పెట్టించింది విశ్వనాథపల్లి.

పెట్టించిన పద్ధతి మొక్కు. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్ళలో, జబ్బుపడి లేచిన పిల్లలకు, ఎదురుచూసి కన్న బిడ్డకు తల్లి పేరు పెట్టుకుంటామని మొక్కుకొనేవారు. కోడూరు వైపు ఒక ముసలామె, తనకు ముందు పుట్టిన ఇద్దరూ పోయారనీ, తాను పొత్తిళ్ళలో ఉండగానే ఆ పేరు పెట్టారనీ చెప్పింది. ఆమె దృష్టిలో అది పేరు కాదు, తీర్చవలసిన బాకీ. అందువల్లే ఈ పేరు కులాల గోడలను పెద్దగా పట్టించుకోలేదు. రైతు కుటుంబాలలో, తీరగ్రామాల మత్స్యకారులలో, పశుపోషకులలో, దళితవాడలలో సమానంగా కనిపిస్తుంది. బిడ్డ దక్కకపోవడమనే భయానికి కులం లేదు. దివిసీమ నుంచి గుడివాడ, బందరు ఊళ్ళకు కోడళ్ళుగా వెళ్ళినవారు మొక్కును వెంట తీసుకువెళ్ళారు. ఇలవేల్పుగా కొలిచే కుటుంబాలు బతుకుతెరువు కోసం ఎక్కడికి వెళితే అక్కడికి పేరూ వెళ్ళింది.

నాంచారయ్య

మన పేర్లలో సాధారణంగా దేవుని పేరు ముందు, దానికి స్త్రీరూపం తరువాత. వెంకయ్య ఉండబట్టి వెంకమ్మ, రామయ్య ఉండబట్టి రామమ్మ. నాంచారయ్య విషయంలో ఈ వరుస తలకిందులవుతుంది. స్త్రీదేవత బిరుదులో ‘అమ్మ’ స్థానంలో ‘అయ్య’ చేర్చి పురుషనామం చేశారు. దొరసాని అనే మాటను మగపిల్లవానికి పెట్టడం వ్యాకరణరీత్యా వింతే. తాయారమ్మకు తాయారయ్య లేదు, ఆండాళ్ళమ్మకు ఆండాళ్ళయ్య లేదు. అవి గుడి నుంచి నేరుగా వచ్చిన పేర్లు గనుక వాటికి పురుషరూపం ఏర్పడలేదు. అంకమ్మకు అంకయ్య, సమ్మక్కకు సమ్మయ్య, తిరుపతమ్మకు తిరుపతయ్య ఉన్నట్లే నాంచారమ్మకు నాంచారయ్య ఉన్నాడు. కొడుకు పుట్టినా కూతురు పుట్టినా మొక్కు చెల్లాలి గదా. నాంచారమ్మను ఆళ్వార్ల నాచ్చియార్‌గా కన్నా గ్రామదేవతగా చూడాలనడానికి నాకు కనిపించిన బలమైన భాషాసాక్ష్యం ఈ పురుషనామమే.

పేరు తగ్గడం

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. దాదాపు 10,000 మంది మరణించారు. అంతకు శతాబ్దం ముందు 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన 30,000 మందిని బలిగొంది. వ్యక్తినామాల చరిత్రలో ఇట్లాంటి విపత్తుకు ప్రత్యేకమైన అర్థం ఉంది. మన ఆచారంలో నాయనమ్మ పేరో అమ్మమ్మ పేరో మనవరాలికి వస్తుంది. నాయనమ్మా మనవరాలూ ఒకే రాత్రి పోయిన ఇంటిలో పేరు దాటవలసిన వంతెన తెగిపోతుంది.

అయినా పేరు తగ్గడానికి ఉప్పెనను ప్రధాన కారణంగా చూపలేం. ఉప్పెన సోకని గుడివాడ వైపు కూడా తగ్గింది గనుక. బడులు, ఆసుపత్రులు పెరిగి శిశుమరణాలు తగ్గడంతో మొక్కు అవసరం సన్నగిల్లింది. నవలా నాయికల పేర్లూ సినిమా తారల పేర్లూ ఇళ్ళలోకి వచ్చాయి. వీటికి తోడు పేరు నిర్మాణంలోనే ఒక ఇబ్బంది ఉంది. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని వల్ల ఈ ప్రాంతంలో నాగ శబ్దంతో మొదలయ్యే పేర్లు నేటికీ విరివిగా ఉన్నాయి. రెండు అక్షరాల ‘నాగ’ ఏ కొత్త పేరుకైనా ముందు ఒదుగుతుంది. నాగజ్యోతి, నాగమణి, నాగశ్రావణి ఏదైనా కావచ్చు. నాంచారమ్మ అట్లా ఒదగదు. ‘అమ్మ’ను తీసేస్తే మిగిలేది స్వతంత్రంగా నిలవదు. అందువల్ల మొదట వెంకట నాంచారమ్మ, లక్ష్మీ నాంచారమ్మ వంటి జంటపేర్లలో రెండో స్థానానికి వెళ్ళింది, తరువాత ముద్దుపేరు వెనక్కి వెళ్ళింది, చివరకు ఇంటిపేరు పక్కన ఒక పొడి అక్షరంగా మిగిలింది. నేటి విద్యార్థినుల ధ్రువపత్రాలలో కనిపించే ‘ఎన్’ అక్షరాలలో కొన్నింటి వెనుక మొక్కు తీర్చుకున్న నాయనమ్మలు ఉన్నారు. (పరిశోధకులు హాజరుపట్టీలలోని పొడి అక్షరాలను విప్పించి నమోదు చేస్తే నామవిజ్ఞానానికి మంచి సామగ్రి దొరుకుతుంది. ఈ పని ప్రతి కళాశాలలోనూ చేయదగినది.)

పేరుకు అంటిన చిన్నచూపు మరొక కారణం. అమ్మ, అయ్యలతో ముగిసే పేర్లన్నిటికీ ‘పాతకాలపు’ ముద్ర పడినా, కొన్ని దాన్ని తట్టుకున్నాయి. లక్ష్మమ్మ లక్ష్మి కాగలిగింది, మంగమ్మ మంగ కాగలిగింది, అలివేలమ్మ పద్మావతిగా మారగలిగింది. ఆండాళ్ళమ్మకు గోదాదేవి అనే రూపం సిద్ధంగా ఉంది. చరిత్రరీత్యా ఆండాళ్‌తో సమానమైన పరువు ఉన్న నాంచారికి అట్లాంటి మారు రూపం దొరకలేదు. దొరకకపోవడానికి కారణం ముందే చెప్పుకున్నాం. అది మొదటి నుంచీ పేరు కాదు, గౌరవంగా పిలిచే పిలుపు. పిలుపును సంస్కృతీకరిస్తే మిగిలేది ‘దేవి’ మాత్రమే, ఆ మాట అందరి పేర్లలోనూ ఉంది.

ఆ విద్యార్థినికి ఈ వివరాలన్నీ చెప్పగలిగేసరికి ఆమె మూడో సంవత్సరానికి వచ్చింది. శ్రద్ధగా విని, శివగంగ రాణి పేరులో ఉన్నదీ ఇదే మాటా అని రెండుసార్లు అడిగింది. పేరు మార్పు దరఖాస్తు అప్పటికే పెట్టి ఉంది, దాన్ని వెనక్కి తీసుకోలేదు. కొత్త పేరుకు ముందు ‘ఎన్’ అనే అక్షరాన్ని మాత్రం చేర్పించుకుంది. పట్టా తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆ అక్షరానికి పూర్తి రూపం రాయవలసిన గడిలో తెలుగులో నాంచారమ్మ అని రాసింది. గుమాస్తా ఇంగ్లీషులో రాయాలని చెప్పి వేరే కాగితం ఇచ్చాడు.